అద్దాల్లోని బస్వమ్మ

జహీరాబాద్ బస్టాండు వెనక సందులో వర్తకుల ట్రస్టు నడిపే ధర్మ దవాఖాన ఒకటుంది. దాని వరండాలో రోజూ తెరిచేవి రెండు కిటికీలు. మొదటి కిటికీలో బస్వమ్మ వచ్చిన రోగులకు చిట్టీలు రాస్తుంది. రెండోదాంట్లో నేను మందులిస్తాను. నా పేరు వరలక్ష్మి. మాది తెనాలి వైపు. మా ఆయనకు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి పదకొండేళ్ల కిందట ఇక్కడికి వచ్చాం. ఆ పదకొండేళ్లలో తొమ్మిదేళ్లు బస్వమ్మ పక్కనే కూర్చున్నాను. మా ఇద్దరి మధ్య ఒక చెక్క అడ్డు మాత్రమే ఉంది. ఆమె గొంతు నాకు రోజంతా వినపడుతూనే ఉంటుంది.

ఆ గొంతు పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా మూడే ప్రశ్నలు అడుగుతుంది. "పేరు? ఊరు? ఏమైంది?" న్యాల్‌కల్ నుంచి వచ్చినా, ఝరాసంగం నుంచి వచ్చినా, ముసలివాళ్లయినా, చంటిబిడ్డతో వచ్చినా అవే మూడు. తల ఎత్తదు. రాస్తూ అడుగుతుంది, అడుగుతూ రాస్తుంది. మొదట్లో నాకు ఇదేం మనిషి అనిపించేది. మాటలో పొగరు లేదు, కోపమూ లేదు. అలసట తప్ప అందులో ఇంకేమీ లేదని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

బస్వమ్మ పుట్టింది కర్ణాటక సరిహద్దు దాటి రెండు మైళ్లు లోపలున్న పల్లెలో. లారీ డ్రైవర్ చెన్నబసప్పకు ఇచ్చి చేస్తే పద్దెనిమిదేళ్లకు జహీరాబాద్ వచ్చింది. అప్పటికి కన్నడం తప్ప వేరే మాట రాదు. ముప్పై ఏళ్లు దాటాక ఈ దవాఖానలో నేల తుడిచే పనికి చేరింది. తుడుస్తూ తుడుస్తూ లైన్లో నిలబడ్డవాళ్ల దగ్గర తెలుగు నేర్చింది, ఉర్దూ నేర్చింది. చిట్టీలు రాసే ముసలాయన పోయాక, మూడు భాషలొచ్చిన మనిషి ఇంకెవరూ లేరని ఆమెను ఆ కిటికీలో కూర్చోబెట్టారు. ఇరవై ఒక్క ఏళ్లయింది. ఇప్పుడామెకు యాభై నాలుగు. నడుం పడిపోయి చెన్నబసప్ప ఇంట్లోనే ఉంటాడు. ఆయనకు స్నానం చేయించి, రొట్టెలు చేసిపెట్టి, ఎనిమిదిన్నరకు వచ్చి కూర్చుంటుంది.

పోయిన శ్రావణంలో హిమబిందు అనే అమ్మాయి హైదరాబాద్ నుంచి వచ్చింది. శరణార్థుల కోసం పనిచేసే ఒక సంస్థలో ఉద్యోగం ఆమెది. హైవే పక్కన అల్లం కడిగే షెడ్ల వెనక బర్మా నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు ముప్పై దాకా ఉన్నాయి. రోహింగ్యాలు. హైదరాబాద్‌లో గుడిసెలు కాలిపోతే పని వెతుక్కుంటూ ఇటు వచ్చారు. ఊళ్లో అందరూ వాళ్లను బర్మావాళ్లే అంటారు. వాళ్లకు బ్యాంకన్నా భయమే, బస్టాండన్నా భయమే. దవాఖాన అంటే మరీ భయం. కాన్పులు షెడ్ల వెనకే అయిపోయేవి. ఆ ఎండాకాలంలో ఒక తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

హిమబిందు సంచిలోంచి ఒక నల్లటి డబ్బా తీసి మాకు చూపించింది. కళ్లద్దాల్లా పెట్టుకుని వెనక పట్టీ బిగించుకోవాలి. పెట్టుకుంటే గది మాయమైపోతుంది. బస్టాండు సినిమా వేస్తే బస్టాండులోనే నిలబడ్డట్టుంటుంది. తల తిప్పితే వెనకనున్న బస్సులు కూడా కనపడతాయి.

"తెలియని చోటికి మొదటిసారి వెళ్లాలంటే భయం కదండీ. ముందు దీంట్లో పదిసార్లు వెళ్లొస్తే, నిజంగా వెళ్లేటప్పుడు అది తెలిసిన చోటే అవుతుంది. మీ దవాఖాన కూడా తీద్దామనుకుంటున్నాం," అంది.

డాక్టర్ హరికృష్ణ గారు ఒప్పుకున్నారు. ఆధార్ లేకపోయినా వాళ్ల శరణార్థి కార్డు చూసి చిట్టీ రాయమని బస్వమ్మకు చెప్పారు. ఒక ఆదివారం, దవాఖాన మూసి ఉన్న రోజు, సినిమా తీశారు. తాళాలు నా దగ్గర ఉంటాయి కాబట్టి నేనూ వెళ్లాను. బస్వమ్మ ఆకుపచ్చ ఇల్కల్ చీర కట్టుకుని వచ్చింది. కిటికీ ముందు కర్రకు చుట్టూ కళ్లున్న కెమెరా ఒకటి బిగించారు. దాని పక్కన రోగి కోసం ఒక కుర్చీ వేశారు.

"అమ్మా, ఈ కెమెరానే వచ్చిన మనిషి అనుకోండి. దీని వైపు చూసి మాట్లాడండి," అంది హిమబిందు.

"పేరు? ఊరు? ఏమైంది?" అంది బస్వమ్మ రిజిస్టర్లోకి చూస్తూ.

"జర మొహం ఎత్తండమ్మా. కొంచెం నవ్వండి. ఉర్దూలో చెప్పండి, వాళ్లకు అదే కొంచెం అర్థమవుతుంది."

మూడుసార్లు తీసినా కుదరలేదు. నాలుగోసారి బస్వమ్మ కలం పక్కన పెట్టి, కెమెరా వైపు చూసి, "ఆవ్ అమ్మా, బైఠో. ఫికర్ మత్ కరో. నామ్ బోలో," అంది. రామ్మా, కూర్చో, భయపడకు, పేరు చెప్పు అని. ఆ తర్వాత ఇరవై సెకన్లు ఏమీ మాట్లాడకుండా అలాగే చూస్తూ ఉండమంది హిమబిందు. అద్దాలు పెట్టుకున్న మనిషి ఆ వ్యవధిలో తన పేరు, జబ్బు చెప్పుకోవాలి. బస్వమ్మ చూస్తూ కూర్చుంది. ఇరవై సెకన్లయ్యాక తల ఊపి చిట్టీ రాసి ఇచ్చింది.

తిరిగి వెళ్తూ నాతో అంది. "ఇరవై ఏండ్ల సంది ఒక్క మనిషినన్న గంతసేపు సూడలే వరలక్ష్మమ్మా. కండ్లు గుంజుతున్నయి."

దసరా దాటాక బర్మా ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు. ఇద్దరిద్దరు, ముగ్గురేసి. కిటికీ దగ్గరకు రాగానే బస్వమ్మను చూసి నవ్వేవారు, చాలాకాలంగా తెలిసినట్టు. "బస్వా అమ్మా," అని పిలిచేవారు. ఆమెకు వాళ్లెవరో తెలియదు. పేరు చెప్పి ఊరుకునేవారు. కూర్చోమంటుందని చూసేవారు. అక్కడ కుర్చీ ఎక్కడిది? ఆదివారం వేసింది డాక్టర్ గారి గదిలోది. వెనక లైన్లోవాళ్లు "జల్దీ జరగమ్మా" అని తోసేవాళ్లు. బస్వమ్మ తల ఎత్తకుండానే చిట్టీ రాసి ఇచ్చేది. వాళ్లు కాస్త అయోమయంగా తీసుకుని వెళ్లేవారు. రద్దీ ఎక్కువైన రోజు పక్కన ఇంకొక కిటికీ తెరిచినా వాళ్లు దాని దగ్గరకు పోయేవారు కాదు. వాళ్లకు తెలిసింది బస్వమ్మ ఒక్కతే.

"గింతమంది నన్నెట్ల గుర్తువడుతున్నరు? నేను నా ఇంటి పక్కోల్లనే గుర్తువట్టలేను," అనేది మధ్యాహ్నం రొట్టె తింటూ.

డిసెంబరులో రెండు సంగతులు జరిగాయి. చలి బాగా ముదిరి లైను గేటు దాకా పెరిగింది. రెండోది, ట్రస్టువాళ్లు కొత్త కంప్యూటర్ పెట్టారు. ఆధార్ నంబరు కొడితే తప్ప అది చిట్టీ ఇవ్వదు. డాక్టర్ గారు అప్పట్లో చెప్పిన మాట ఆ కంప్యూటర్‌కు ఎవరూ చెప్పలేదు.

ఆ సోమవారం సెనోవారా వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్ల. ఎనిమిదో నెల. గంటన్నర లైన్లో నిలబడి కిటికీ దగ్గరకు చేరింది. నేను అప్పుడు ఒక ముసలాయనకు దగ్గు మందు పోస్తున్నాను. చెక్క అవతల నుంచి పాఠం అప్పజెప్పినట్టుగా ఆమె మాట వినపడింది.

"మేరా నామ్ సెనోవారా. ఆఠ్ మహీనా. సిర్ మే దర్ద్." ఎనిమిదో నెల, తలనొప్పి అని చెప్పి ఆగింది.

"ఆధార్?" అంది బస్వమ్మ.

ఆ ప్రశ్న ఆమె నేర్చుకున్నదాంట్లో లేదు. తన శరణార్థి కార్డు కిటికీలోంచి లోపలికి పెట్టింది.

"గిది నడ్వదు. పక్కకు జరుగు, పక్కకు. తర్వాత సూస్త. పేరు?" అని వెనకనున్న మనిషిని అడిగింది బస్వమ్మ. ఆ గొంతులో ఏ మార్పూ లేదు.

ఒంటిగంటకు కిటికీ మూశాక రిజిస్టర్ ఎత్తితే కింద ఆ కార్డు కనపడింది. దాని మీద పిల్ల ఫొటో ఉంది. బస్వమ్మ వరండాలోకి వచ్చి అటూ ఇటూ చూసింది. బెంచీ మీద ఎవరూ లేరు. వాచ్‌మన్‌ను అడిగితే, కడుపుతో ఉన్న ఆ పిల్ల ఎప్పుడో వెళ్లిపోయిందన్నాడు.

"పక్కకు నిలబడుమన్న గానీ పొమ్మనలే గదా," అంది నాతో.

"ఆమెకు తెలుగు రాదు కదండీ."

బస్వమ్మ కార్డు తిప్పి చూసింది. "ఇది పోయిందంటే పోలీసోల్లు అడిగితే ఏం జూపిస్తది? రేపొస్తదో రాదో. నువ్వొస్తవా జర?"

ఆమెకు ఇంటికి పోయి చెన్నబసప్పకు అన్నం పెట్టాలి. పక్కింటి సీతాబాయికి ఫోన్ చేసి ఆ పని అప్పజెప్పింది. ఇద్దరం షేర్ ఆటో ఎక్కి హైవే మీద దిగాం. అల్లం షెడ్ల దగ్గర నేలంతా ఎర్రటి బురద. తొట్ల చుట్టూ ఆడవాళ్లు మోకాళ్ల దాకా తడిసి అల్లం తోముతున్నారు. బస్వమ్మను చూడగానే అందరి చేతులూ ఆగిపోయాయి. "బస్వా అమ్మా, బస్వా అమ్మా" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. సినిమాలోంచి మనిషి నడిచొచ్చినట్టు చూశారు. ఒక ముసలామె మమ్మల్ని టార్పాలిన్ కప్పిన గుడిసె దగ్గరకు తీసుకెళ్లింది.

లోపల సెనోవారా గోనెసంచి మీద కూర్చుని ఉంది. కళ్లకు ఆ నల్ల డబ్బా ఉంది. వాళ్లు నేర్చుకోవడానికి హిమబిందు ఒకటి అక్కడే వదిలి వెళ్తుంది. మేం వచ్చింది ఆ పిల్లకు తెలియలేదు. ఎదురుగా ఎవరో ఉన్నట్టు కొంచెం ముందుకు వంగి, మెల్లగా, జాగ్రత్తగా చెబుతోంది.

"మేరా నామ్ సెనోవారా. ఆఠ్ మహీనా. సిర్ మే దర్ద్."

చెప్పి ఆగి, ఎదురుచూసింది. పెదాల మీద చిన్న నవ్వు. మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి "దర్ద్" అన్న మాట కొంచెం గట్టిగా పలికింది.

ముసలామె ఉర్దూలో చెప్పింది. పొద్దున సెనోవారా ఏదో తప్పుగా పలికిందట. అందుకే బస్వా అమ్మకు కోపం వచ్చి పంపేసిందట. అది సరిచేసుకోవాలని, వచ్చిన దగ్గర నుంచి అన్నం కూడా తినకుండా ఇదే పని.

బస్వమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. నేను ఆమె మొహం చూడలేదు, చూడాలనిపించలేదు. కాసేపటికి లోపలికి వెళ్లి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. సెనోవారా అద్దాలు తీసింది. ఎదురుగా బస్వమ్మ. చేతిలోని డబ్బా వైపు చూసింది, మళ్లీ బస్వమ్మ వైపు చూసింది. తడబడుతూ లేచి నిలబడి, "మేరా నామ్..." అని మొదలుపెట్టింది.

"బస్, బస్. బైఠో," అంది బస్వమ్మ. పిల్లను కూర్చోబెట్టి తనూ కింద కూర్చుంది. అప్పుడు ఆ పిల్ల కాళ్లు చూసింది. పాదాల మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. మొహం కూడా ఉబ్బి ఉంది. బస్వమ్మ డాక్టర్ కాదు గానీ, ఇరవై ఒక్క ఏళ్లు "ఏమైంది" అని అడిగి జవాబులు రాసుకున్న మనిషి.

"వరలక్ష్మమ్మా, డాక్టర్ సాబ్ ఉన్నడో లేదో ఫోన్ జెయ్. ఇప్పుడే తోల్కపోదాం."

డాక్టర్ హరికృష్ణ గారు ఇంటికి బయలుదేరినవారు ఆగారు. పిల్లను తీసుకెళ్లి చూపిస్తే బీపీ నూట డెబ్బై దాటింది. మా దగ్గర కుదరదని సూదిమందు ఇచ్చి, 108 పిలిపించి సంగారెడ్డి పెద్దాసుపత్రికి పంపారు. సెనోవారా భర్త లోడు దించడానికి బీదర్ వెళ్లాడు, ఫోన్ కలవలేదు. తెలుగు రాని ముసలామె ఒక్కతే ఆ ఆసుపత్రిలో ఎవరితో ఏం మాట్లాడుతుంది? బస్వమ్మ బురదైన చెప్పులు చేతిలో పట్టుకుని తనే బండి ఎక్కింది. పొద్దున తిన్న రొట్టె తప్ప కడుపులో ఏమీ లేదు ఆమెకు.

ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. కిలో ఏడువందల గ్రాములు. వెచ్చగా ఉంచే పెట్టెలో పన్నెండు రోజులుంచి ఇచ్చారు. తల్లీ బిడ్డా బతికారు. బస్వమ్మ మర్నాడు పొద్దున సంగారెడ్డి నుంచి తిన్నగా కిటికీ దగ్గరకే వచ్చింది. "పేరు? ఊరు?" అంటూంటే ఆ గొంతు బొంగురుపోయి ఉంది.

శుక్రవారం హిమబిందు వచ్చి బస్వమ్మ చేతులు పట్టుకుంది. "మీరు లేకపోతే ఏమయ్యేదోనమ్మా," అంది.

"నేను లేకుంటే ఆమె సోమవారం పొద్దుగాలనే ఇంకోల్ల దగ్గర చిట్టీ దీస్కునేది. జర ఆ డబ్బా నాకు వెట్టు బిడ్డా, నేను జూడలే."

ఆమె కళ్లకు అద్దాలు పెట్టి సినిమా వేశారు. బస్వమ్మ బెంచీ మీద నిటారుగా కూర్చుని చూసింది. తనను తను రమ్మని పిలవడం, కూర్చోమనడం, కలం పక్కన పెట్టి ఇరవై సెకన్లు ఓపిగ్గా చూడటం, అంతా చూసింది. తీసేశాక చాలాసేపు కళ్లు నలుపుకుంది.

"ఎవలమ్మా గీమె? పనీపాట ఏం లేదా గీమెకు?"

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"ఇది తీసెయ్ బిడ్డా. సోమవారం వచ్చి నీ కెమెరాను లైన్ల నిలవెట్టు. గేటు కాడికెల్లి. నేను ఎట్ల మాట్లాడ్తనో గట్లనే మాట్లాడ్త. ఆధార్ అడుగుత. కసురుకుంట గావచ్చు. గదే సూపియ్యి."

"అలా చూపిస్తే అసలు రారమ్మా. ఇంకా భయపడతారు," అంది హిమబిందు. ఆ అమ్మాయి కూడా ఆ వారమంతా సంగారెడ్డికి, షెడ్లకు తిరిగి సరిగా నిద్ర లేక ఉంది.

"ఇప్పుడు భయం లేకుంటనే వచ్చింది గదా ఆ పిల్ల? వచ్చి వాపస్ వోయింది. నా మొహం సూసి గాదు, ఆ డబ్బాల మొహం సూసి వచ్చింది. గా మొహం నాకు లేదు బిడ్డా. ఎన్నడో ఆదివారం నాడు ఉంటదేమో." కొంచెం ఆగి అంది. "నేను పక్కకు జరుగు అంటే ఇంటికి పొమ్మని గాదు. ఆడనే నిలవడాలె. ఎవలు దొబ్బినా కదలొద్దు. గది నేర్పియ్యి వాల్లకు."

హిమబిందు సోమవారం కెమెరా తెచ్చింది.

ఆ కెమెరాను లైన్లో మనుషుల మధ్య పట్టుకుని గంటకు పైగా నిలబడింది. ఒకాయన దానిమీద దగ్గాడు. ఒకావిడ సంచి తగిలి అది వంకరపోయింది. "నడువు భాయ్, ముందుకు నడువు," అని వెనక నుంచి ఒక రైతు దాన్నే కసిరాడు. కిటికీ దగ్గరకు వచ్చేసరికి బస్వమ్మ తల వంచుకునే ఉంది. "పేరు? ఊరు? ఏమైంది? ఆధార్? లేదా? పక్కకు జరుగు." కెమెరా పక్కకు జరిగి నిలబడింది. పావుగంట తర్వాత బస్వమ్మ చెయ్యి బయటపెట్టి, కార్డు తీసుకుని, చేతిరాత చిట్టీ ఇచ్చింది. సెనోవారా సంగతి తర్వాత, కంప్యూటర్ ఒప్పుకోనివాళ్ల కోసం డాక్టర్ గారు ఒక నోటుపుస్తకం పెట్టించారు. దాంట్లో పేరు రాస్తే సాయంత్రం ఆయన సంతకం పెడతారు. ట్రస్టువాళ్లతో ఆయనకు దాని గురించి రెండుసార్లు మాటామాటా అయింది కూడా.

సంక్రాంతి తర్వాత వచ్చిన ఆడవాళ్లు వేరేగా వచ్చారు. నవ్వడం మానేశారు. లైన్లో మోచేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. పక్కకు జరగమంటే జరిగి, కిటికీ ఊచ ఒకటి పట్టుకుని అక్కడే నిలబడ్డారు. ఒకరోజు బస్వమ్మ పక్కన నిలబెట్టిన ఒకామెను మరిచిపోయి కిటికీ మూయబోతే, ఆమె రెక్కకు చెయ్యి అడ్డం పెట్టి "మై నహీ జావూంగీ, అమ్మా" అంది. నేను పోను అని. బస్వమ్మ మళ్లీ కూర్చుని రాసిచ్చింది. ఆ రోజు నాతో, "మంచిగ నేర్పింది హిమబిందు," అంది. గొంతులో విసుగే ఉంది, సంతోషం ఉంటే నాకు వినపడలేదు. ఎందుకంటే పని తగ్గలేదు, పెరిగింది. రెండు రాతలు, ఒకటి కంప్యూటర్లో, ఒకటి నోటుపుస్తకంలో. ఒంటిగంటకు మూసే కిటికీ రెండింటిదాకా మూయడం లేదు. ఇంటి దగ్గర చెన్నబసప్ప ఆకలికి కేకలు వేస్తున్నాడని సీతాబాయి ఫోన్ చేసేది.

ఏప్రిల్ వచ్చేసరికి అల్లం పని అయిపోయింది. షెడ్డు యజమాని జాగా ఖాళీ చేయమన్నాడు. ముప్పై కుటుంబాలూ రెండు రోజుల్లో వెళ్లిపోయాయి, కొందరు హర్యానా వైపు, కొందరు జమ్మూ వైపు. వెళ్లే ముందురోజు సెనోవారా బిడ్డను శాలువలో చుట్టుకుని వచ్చింది. లైన్లోనే వచ్చింది. వంతు వచ్చాక కిటికీ ముందు నిలబడి, "జా రహే హై, అమ్మా," అంది. వెళ్లిపోతున్నాం అని.

బస్వమ్మ తల ఎత్తింది. బిడ్డను చూసింది. ఏదో అనబోయి, కాగితం తీసుకుని ఆ బిడ్డకు ఏ నెలలో ఏ టీకా వేయించాలో నన్నడిగి అంకెలు వేసి రాసింది. "యే దిఖావ్," అంది. ఇది చూపించు అని. వెనకవాళ్లు జరగమంటున్నారు. సెనోవారా కాగితం మడిచి శాలువలో పెట్టుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం రొట్టె ముందు పెట్టుకుని బస్వమ్మ అడిగింది. "ఆ వొయ్యే ఊరిది సినిమా ఉన్నదట్నా హిమబిందు దగ్గర?"

"లేదంట. అడిగాను. అక్కడ వాళ్ల సంస్థ లేదంట."

"ఆడ కిటికీల ఎవలున్నరో," అని రొట్టె తుంచుకుంది.

మర్నాడు ఆమె సెలవు పెట్టింది. మూడేళ్లలో అదే మొదటిసారి. ఒంట్లో బాగాలేదేమోనని రెండో రోజు సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లాను. సీతాబాయి తలుపు తీసి, జ్వరమేమీ లేదని, నిన్న పొద్దున్నుంచి నిద్రపోతూనే ఉందని, అన్నానికి లేచి మళ్లీ పడుకుంటోందని చెప్పింది. మంచం మీద చెన్నబసప్ప, కింద చాప మీద బస్వమ్మ. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. లేపొద్దని సైగ చేసి వచ్చేశాను.